ఓడ మల్లయ్యను మరువవద్దు



"ఏరు దాటే వరకు ఓడ మల్లయ్య, ఏరు దాటినాక బోడి మల్లయ్య" అనే సామెత మీలో చాలామంది ఇంట్లో పెద్దల నోట విన్నదే. అవసరం ఉన్నంతసేపు మర్యాద, అవసరం తీరిన మరుక్షణం నిర్లక్ష్యం. మనుషుల ఈ గుణాన్ని ఎత్తిచూపడానికి దీనిని వాడుతూ ఉంటాము. అయితే కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాల వారమైన మనకు ఇది సామెత మాత్రమే కాదు, మన చరిత్ర కూడా. మన గోదావరి ఒడ్డున మల్లయ్యలు నిజంగా ఉండేవారు. వారి చేతి గడ కదిలితేనే ఉత్తరం ముందుకు పోయేది, పెండ్లిబృందం పోయేది, సైన్యం కూడా పోయేది. ఈ మాసం ఆ రేవుల సంగతి మీతో చెప్పాలని ఉన్నది.

ముందు మన నేల స్వరూపం ఒకసారి గుర్తు చేసుకుందాము. పాత లెక్క ప్రకారం గోదావరికి దక్షిణాన కరీంనగర్ జిల్లా, ఉత్తరాన ఆదిలాబాద్ జిల్లా. 2016 అక్టోబరులో ఈ రెండూ నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్, జగిత్యాల, పెద్దపల్లి వంటి చిన్న జిల్లాలుగా విడిపోయినవి గాని, నది మాత్రం పాత చోటనే ఉన్నది. బాసర వైపు నుండి వచ్చి, నిర్మల్ దగ్గర సోన్‌ను, తరువాత ధర్మపురిని, మంథనిని తాకుతూ పోయి, కాళేశ్వరం వద్ద ప్రాణహితను కలుపుకొంటుంది. ఎండాకాలంలో చాలా చోట్ల ఇసుకలో నడిచి, మోకాలి లోతు పాయలు దాటి అవతలికి పోవచ్చు. వానలు పట్టినాక ఆ మాట చెల్లదు. అవతలి ఒడ్డు మసకగా కనబడుతుంది. ఎంత గొప్ప రహదారి అయినా ఏటి దగ్గరకు వచ్చి ఆగిపోవలసిందే.

అలా ఆగే చోటనే రేవు పుట్టింది. రేవు పక్కన మజిలీ ఊరు పుట్టింది.

మన భాషలో "అంచెలంచెలుగా" అనే మాట ఉన్నది. బిడ్డ అంచెలంచెలుగా ఎదిగాడని, ఇల్లు అంచెలంచెలుగా కట్టామని అంటాము. ఈ అంచె అన్నది దారికి సంబంధించిన మాట. ఒకడు కొంత దూరం పరుగెత్తి, అక్కడ సిద్ధంగా ఉన్న మరొకనికి మూట అందించి ఆగిపోతాడు. ఆ రెండవవాడు మరికొంత దూరం పోతాడు. అలా మనిషి మారే చోటే అంచె. పల్లకి మోసే బోయీలకూ అంచెలే, ఉత్తరాలు మోసేవారికీ అంచెలే.

ఈ పద్ధతి మన దేశంలో చాలా పాతది. 1333లో మన దేశానికి వచ్చిన ఇబ్న్ బతూతా అనే యాత్రికుడు కాలినడక తపాలాను చూసి ఆశ్చర్యపడి రాసుకున్నాడు. మైలుకు మూడు చోట్ల మనుషులు నడుము బిగించి సిద్ధంగా ఉండేవారట. పరుగెత్తేవాని చేతిలో గజ్జెలు కట్టిన కర్ర ఉండేదట. ఆ గజ్జెల చప్పుడు దూరాన వినబడగానే తరువాతి అంచెవాడు లేచి నిలబడేవాడట. ఆ తరువాత అయిదు వందల ఏండ్లకు, ఇంగ్లీషువారి కాలంలో కూడా, తపాలా మోసే హర్కారా చేతిలో అదే గజ్జెల కర్ర ఉన్నది. మనిషి ఆరేడు మైళ్ళు పరుగెత్తి సంచి అప్పగించేవాడు. అడవి దారిలో ఆ గజ్జెల చప్పుడే అతనికి తోడు.

హైదరాబాదు రాజ్యానికి సొంత తపాలా ఉండేదని ఈ తరం పిల్లలకు తెలియకపోవచ్చు. నిజాం ప్రభుత్వం 1869లో తన మొదటి తపాలా బిళ్ళను వెలువరించింది. 1871లో వచ్చిన బిళ్ళల మీద వెల నాలుగు భాషలలో ముద్రించారు. ఆ నాలుగింటిలో మన తెలుగు ఒకటి. 1950లో ఆ శాఖ భారత తపాలాలో కలిసిపోయింది. అంతవరకు మన పల్లెల నుండి పట్నం పోయిన ఉత్తరాలు ఎన్నో ఆ బిళ్ళతోనే పోయినవి.

ఇప్పుడు సోన్ రేవు దగ్గరకు వద్దాము. హైదరాబాదు నుండి నాగపూర్ పోయే పాత దారి కామారెడ్డి, ఆర్మూరుల మీదుగా వచ్చి సోన్ వద్ద గోదావరిని దాటి నిర్మల్ చేరుతుంది. అక్కడ నుండి కొండలెక్కి, ఇచ్చోడ, ఆదిలాబాదుల మీదుగా పెన్‌గంగను దాటి మహారాష్ట్రలో ప్రవేశిస్తుంది. ఒక వైపు సికింద్రాబాదులో, మరొక వైపు నాగపూర్ పక్కన కాంప్టీలో ఇంగ్లీషువారి దండు విడిది చేసి ఉండేది. పందొమ్మిదవ శతాబ్దంలో ఆ రెండు దండుల నడుమ పటాలాలు, సామాను బండ్లు, తపాలా సంచులు ఈ దారినే తిరిగేవి. నిర్మల్ అప్పటికే పేరున్న పట్టణం. కొయ్యబొమ్మలకు, రంగులకు, కోటగోడలకు పేరు పొందినది. ఆ పరగణా ఇనుము నుండి తయారైన ఉక్కు కోసం పర్షియా వర్తకులు కోనసముద్రం దాకా వచ్చేవారు. ఈ దేశాంతర వ్యాపారులు కూడా మన ఏరు దాటే మనుషుల మీదనే ఆధారపడ్డారు.

దాటించేది దేనితో? ఎక్కువగా పుట్టితో. వెదురు బద్దలను పెద్ద గంప ఆకారంలో అల్లి, బయట తోలు కప్పుతారు. గుండ్రంగా ఉంటుంది గనుక దానికి ముందూ వెనుకా లేదు. తెలియనివాడు తెడ్డు వేస్తే ఉన్నచోటనే గిరగిర తిరుగుతుంది. తెలిసినవాడు నది ఉరవడిని ముందే లెక్కగట్టి, ఎగువన ఎక్కించి దిగువన దించుతాడు. ఆవులను, ఎద్దులను ఈదించి తెచ్చేవారు. తపాలా సంచి వస్తే దానికే మొదటి చోటు. మిగిలిన వారు, ఎంత తొందర ఉన్నా, తమ వంతు కోసం నిలబడవలసిందే.

నది పొంగితే ఆ వంతు కూడా లేదు. అందరూ ఒడ్డున ఆగవలసిందే. ఒక రోజు, నాలుగు రోజులు, ఒక్కొక్కసారి వారం. ఆగినవారికి వంటచెరకు కావాలి, ఎద్దులకు గడ్డి కావాలి, విరిగిన బండి ఇరుసుకు వడ్రంగి, ఊడిన లాడానికి కమ్మరి కావాలి. తల దాచుకోవడానికి చెట్టు నీడో సత్రమో కావాలి. రేవు ఊళ్ళు ఈ ఆగిన మనుషుల మీదనే బ్రతికినవి. బాటసారికి కష్టకాలం, ఊరివారికి గిరాకీ కాలం. ఈ మాట చేదుగా ఉన్నా నిజం.

ఇది మన ఒక్కరి అనుభవం కాదు. జపాను దేశంలో టోక్యో నుండి క్యోటోకు పోయే టోకైడో అనే పాత రహదారి ఉన్నది. దాదాపు 500 కిలోమీటర్ల ఆ దారి మీద 53 మజిలీలు ఉండేవి. వాటిలో షిమాడా అనే ఊరు ఓయీ అనే నది ఒడ్డున, దానికి ఎదురుగా అవతలి ఒడ్డున కనయా అనే ఊరు. అక్కడి పాలకులు ఆ నది మీద వంతెన కట్టనివ్వలేదు, పడవ నడపనివ్వలేదు. బాటసారులను మనుషులే భుజాల మీద, లేదా కొయ్య పీటల మీద మోసుకొని దాటించాలి. అందుకు వందలమంది కూలీలు ఉండేవారు. ప్రతి ఉదయం అధికారులు నీటి లోతు కొలిచి ఆ రోజు వెల నిర్ణయించేవారు. లోతు పెరిగిన కొద్దీ వెల పెరిగేది. నీరు భుజం దాటితే రేవు మూసేవారు. ఒకసారి దాదాపు నెల రోజులు మూసి ఉంచారట. రాజోద్యోగి అయినా, రైతు అయినా షిమాడాలో కూర్చోవలసిందే.

1868 తరువాత అక్కడ పాలన మారింది. రెండు మూడు ఏండ్లలోనే పడవలకు అనుమతి వచ్చింది. 1879లో షిమాడా వద్ద హొరాయ్ అనే కొయ్య వంతెన కట్టారు. దాని పొడవు 897 మీటర్లు. అది నేటికీ ఉన్నది. మరి మోసే కూలీల గతి ఏమైంది? తరతరాలుగా ఆ నీటినే నమ్ముకున్నవారు ఒక్కసారిగా పనిలేనివారైనారు. వారిలో కొందరు అవతలి ఒడ్డున మకినొహారా అనే బీడు మెట్టకు పోయి, నేల చదును చేసి తేయాకు నాటారు. నేడు ఆ మెట్ట జపానులోనే పేరుపొందిన తేయాకు సీమ. దాటినవారు మరచినా ఆ ఊరు వారిని మరువలేదు. పాత రేవు ఇండ్లను, కూలీలు కూర్చున్న గదులను జాగ్రత్త చేసి పిల్లలకు చూపుతున్నది.

మన నదికి కూడా ఇటువంటి మార్పు ఒకటి వచ్చేదే, వచ్చి ఆగిపోయింది. గోదావరిని పడవల దారిగా చేసి, నాగపూర్ సీమ పత్తిని సముద్రం దాకా తేవాలని సర్ ఆర్థర్ కాటన్ దొర పట్టుపట్టాడు. 1860లో నిజాంతో జరిగిన ఒప్పందం వల్ల గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న సిరొంచ ప్రాంతం ఇంగ్లీషువారికి వచ్చింది. నది మీద పోయే సరుకుకు సుంకం ఉండదని కూడా అందులో ఒప్పుకున్నారు. దుమ్ముగూడెం, మహదేవపూర్ దగ్గర ఇంచంపల్లి, ప్రాణహిత మీద దేవలమర్రి. ఈ మూడు చోట్ల రాళ్ళు నదికి అడ్డుపడి పడవలను ఆపేవి. అక్కడ ఆనకట్టలు, కాలువలు కట్టే పని మొదలైంది. ఆ పని నడిపిన హేగ్ దొర అడవిలోని కోయల మేలు కోరి, వారి మధ్య పనిచేయుటకు దుమ్ముగూడెంలో మిషను ఏర్పడడానికి కారకుడైనాడు. దానిని మొదట నిలబెట్టినవాడు మన తెలుగువాడే, వేంకటరామరాజు గారు. కాని పడవల దారి మాత్రం పూర్తి కాలేదు. 1867లో బొంబాయి నుండి రైలు నాగపూర్ చేరింది. పత్తి ఆ రైలెక్కి పోయింది. 1871లో నది పని ఆపివేశారు.

ఆ విధంగా పెద్ద పడవలు రాలేదు గాని, కాళేశ్వరం, సిరొంచల నడుమ చిన్న పడవలు మాత్రం ఆగలేదు. 1956లో రాష్ట్రాలు విడదీసినప్పుడు మనం ఇటు ఉండిపోయాము, సిరొంచ అటు ఉండిపోయింది. నేడు అది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో ఉన్నది. కాని వారి ఇంటి భాష తెలుగే. పిల్లనిచ్చేది, తెచ్చుకునేది ఈ ఒడ్డు నుండే. అందుచేత రేవు బ్రతికి ఉన్నది.

బైబిలు కళాశాల చదువు ముగించుకొని పరిచర్యకు వచ్చిన తొలి రోజులలో ఒక కుటుంబాన్ని చూడడానికి నేను ఆ రేవు దాటవలసి వచ్చింది. సెప్టెంబరు మాసం, నీరు ఎర్రగా ఉన్నది. పడవలో ఇరవైమంది దాకా ఉన్నాము. రెండు సైకిళ్ళు, ఒక మేక, ఉల్లిగడ్డ బస్తాలు. గడ వేసే పెద్దాయనకు డెబ్బయి ఏండ్లు ఉంటాయి.

"తాతా, ఎన్నేండ్ల సంది నడుపుతున్నవు?" అని అడిగాను.

"లెక్క వెట్టలేదు అయ్యగారూ. మా నాయన చేతి గడ నా చేతికొచ్చింది, అంతే" అన్నాడు.

ఊరివారి దగ్గర అతడు దాటినప్పుడల్లా పైసలు తీసుకోడట. కోతలైనాక కల్లం కాడికి పోతే ఇంటికి ఇన్ని కుంచాల వడ్లు పెట్టేవారట. పరదేశి అయితే చేతిలో ఉన్నది ఇస్తాడు. లేనివాడు ఏమీ ఇవ్వడు.

"రాత్రి పూట అవతలి గట్టు మీది నుంచి ఎవరన్న పిలిస్తే పోతవా?" అన్నాను.

"పోవాలె గద. పిలిచినోడు ఊకెనే పిలువడు. ఎవలో సచ్చిపోయి ఉండాలె, లేకుంటె కాన్పు నొప్పులన్న ఉండాలె. ఎవలు, ఏ కులమని గట్టు మీద అడుగుతరు. నడి ఏట్ల ఎవ్వలడుగరు" అన్నాడు.

ఆ మాట నాలో చాలా దినములు నిలిచిపోయింది. ఊరిలో ఒకే బావి దగ్గర నిలబడని వారు ఆ పడవలో మోకాళ్ళు ఆనించుకొని కూర్చొని ఉన్నారు. పడవ ఒక పక్కకు ఒరిగితే అందరూ కలిసి రెండవ పక్కకు జరుగుతున్నారు. దిగినాక ఎవరి వాడకు వారు పోయారు, అది వేరే సంగతి.

2016 తరువాత ఆ చోట గోదావరి మీద పెద్ద వంతెన మీదుగా రాకపోకలు మొదలైనవి. కొంతకాలానికి అటు పోయినప్పుడు ఆ పెద్దాయనను మళ్ళీ చూశాను. వంతెన మొదట చాయ హోటలు ముందు బల్ల మీద కూర్చొని ఉన్నాడు. కొడుకు దుబాయి పోయాడట. పడవ ఒడ్డున బోర్లించి ఉన్నది. "పని పోయిందని బాధ ఉన్నదా తాతా?" అని అడిగాను.

"వంతెన మంచిదే అయ్యగారూ. నా మనుమరాలును కాన్పుకు జీపుల ఏసుకొని పోయిన్రు, తల్లీపిల్లా బాగున్నరు. వానకాలంల పడవ మీదైతే ఏమయితుండెనో. కని ఒక్కటే. ఇన్నేండ్లు దాటిచ్చిన మనుషులు బస్సుల కెల్లి నన్ను చూస్తరు. ఒక్కలన్న చెయ్యి ఊపరు" అన్నాడు.

ప్రియమైన వారలారా, నేను వంతెనలకు విరోధిని కాను. 1929లో కాజీపేట, బల్లార్షా రైలు మార్గం పూర్తయి రామగుండం, మంచిర్యాలల నడుమ రైలు గోదావరిని దాటినప్పుడు ఎంతో మేలు జరిగింది. సోన్ వద్ద నిజాం కాలం నాటి వంతెన, తరువాత రాయపట్నం వంతెన వచ్చినందున ఎందరో రోగులు, ఎందరో తల్లులు ప్రాణాలతో బయటపడ్డారు. వరద నీరు వంతెన మీదుగా పారి బస్సులు ఆగిన రోజులు చూసినవారికి వంతెన విలువ తెలుసు. పోచంపాడు వద్ద 1963లో నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ఆనకట్ట మన పొలాలకు నీరిచ్చింది. ఇవి అన్నీ మేలే. అయితే మేలు జరిగినప్పుడు, అంతవరకు మనలను మోసినవారికి ఏమైందని అడగడం కూడా మన విధి కాదా?

వారికి పొలాలు లేవు. రేవే వారి పొలం. వంతెన కట్టినప్పుడు భూమి పోయినవారికి పరిహారం లెక్క ఉంటుంది గాని, రేవు పోయినవారి పేరు ఆ లెక్కలో కనబడదు. కొందరు చేపలు పట్టే పనికి మళ్ళారు. కొందరు ఇసుక కూలికి, కొందరు గల్ఫుకు పోయారు. షిమాడా కూలీలకు కనీసం ఒక బీడు మెట్ట దొరికింది.

నదిని పూర్తిగా గెలిచామని అనుకోవద్దు కూడా. 2022 జూలైలో వచ్చిన వరదకు మంథని, మంచిర్యాల వీధులలో నీరు నిలిచింది. అటువంటి రోజున కారు పనికిరాదు, పడవే దిక్కు. 2019లో ప్రారంభించిన మేడిగడ్డ బ్యారేజీ స్తంభాలు 2023 అక్టోబరులో కుంగినవి. నది మనసు తెలిసిన మనుషులు మనకు ఇంకా అవసరమే.

దావీదు రాజు అబ్షాలోము తిరుగుబాటు తీరినాక యొర్దాను దాటి ఇంటికి వచ్చిన సంగతి సమూయేలు రెండవ గ్రంథంలో చదువుతాము. కష్టకాలంలో రాజుకు భోజనం పెట్టిన బర్జిల్లయి పేరు అక్కడ ఉన్నది. అతని వయస్సు ఎనభై ఏండ్లని కూడా ఉన్నది. రాజు ఇంటివారిని దాటించుటకు పడవ తెచ్చినట్లు రాయబడింది గాని, ఆ పడవ నడిపినవాని పేరు లేదు. మన నది ఒడ్డున ఉన్నవారి పేర్లయినా పోకుండా చూడడం మన చేతిలో ఉన్నది.

కనుక ఒక మనవి. మీ ఊరు గోదావరికో, ప్రాణహితకో, పెన్‌గంగకో, కడెం వాగుకో దగ్గరలో ఉంటే, ఈ సెలవులలో మీ పిల్లలను వెంటబెట్టుకొని పాత రేవు ఎక్కడ ఉండేదో వెదకండి. పడవ నడిపిన కుటుంబం ఏదో కనుక్కోండి. ఆ ఇంటి పెద్ద ఇంకా బ్రతికి ఉంటే అతని ముందు కూర్చోండి. ఏ చోట ఎక్కించేవారు, ఏ చోట దించేవారు, ఏ ఏట ఎంత నీరు వచ్చింది, ఎవరిని ఏ రాత్రి దాటించారు అని అడిగి ఒక నోటుపుస్తకంలో రాయించండి. మీ ఇంటిలో ఎవరు ఆ పడవలో దవాఖానకు పోయి బ్రతికి వచ్చారో, ఏ కోడలు ఆ పడవలో అత్తగారింటికి వచ్చిందో అది కూడా రాయండి. ఆ ఇంటి పిల్లల చదువుకు, ముసలివారి మందులకు చేతనైన సాయం చేస్తే మరీ మంచిది. అది దానం కాదు. కల్లం కాడ పెట్టకుండా మిగిలిపోయిన వడ్ల బాకీ.

ఆలస్యం చేయవద్దు. గడ పట్టిన ఆ చేతులు చాలా ముసలివైనవి.